పక్షవాతం వచ్చిన మనిషితో ఎవరు మాట్లాడతారు?



నా పాత వ్యాసాలు చదివిన మన సంఘం సభ్యులకు తెలుసు, నేను బడిలో తెలుగు చదవలేదు. కృష్ణగిరి వైపు పల్లెలో పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో ఎస్.ఎస్.ఎల్.సి. దాకా తమిళం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది రైల్వేలో చేరాకే. మొదట స్టేషన్ బోర్డులు, తరువాత పాత వారపత్రికలు కూడబలుక్కుని చదివాను. కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే సర్దుకుని చదవండి. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తా పని చేసినవాణ్ణి, తేదీలు మాత్రం చూసుకునే రాస్తాను.

ఈసారి రాయడానికి కారణం ఉంది. పోయిన నెల మన సంఘం భోజనాలకు మా బావను వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చాం. ఆయనకు నాలుగేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, దాంతోపాటు మాట పోయింది. ఆ రోజు ఇరవై మందైనా దగ్గరికి వచ్చి పలకరించారు. అందరూ ప్రేమగానే వచ్చారు. కానీ అందరూ అడిగింది మా అక్కను. "అన్నం తింటున్నారా? నిద్ర పడుతోందా? మనుషుల్ని గుర్తుపడతారా?" బావ అక్కడే, మోకాళ్ళ మీద తుండు వేసుకుని కూర్చుని ఉన్నారు. వడ్డించే అబ్బాయి కూడా "సారుకు సాంబారు వెయ్యొచ్చా?" అని అక్కనే అడిగాడు. బావ ఎడమ చెయ్యి ఎత్తి ఆకు మీద పెట్టారు, చాలు అని. ఎవరూ చూడలేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. నేనూ ఒకప్పుడు ఇదే పని, ఇంతకంటే అధ్వాన్నంగా చేశాను. ఆ సంగతి కింద వస్తుంది. ఇంటికొచ్చాక నాకొక ప్రశ్న పట్టుకుంది. ఒక మనిషికి మాట పడిపోతే, ఆయనతో మాట్లాడేవాళ్ళకు కూడా మాట ఎందుకు పడిపోతుంది? ఇది మన దేవనహళ్ళిలో మొదలైంది కాదు. దీనికి పాత చరిత్ర ఉంది.

ముందు పేర్లు చూద్దాం. మన ఆయుర్వేదంలో దీన్ని పక్షాఘాతం, పక్షవధం అన్నారు. మూతి ఒకపక్కకు పోతే అర్దితం అన్నారు. అన్నింటినీ వాత రోగాల్లో చేర్చారు. మన ఇళ్ళలో వాతం కొట్టింది అంటాం, గాలి సోకింది అంటాం. ఇక్కడి కన్నడంవాళ్ళు పార్శ్వవాయువు అంటారు, లక్వా అంటారు. మా తమిళ బడి స్నేహితులు పక్కవాదం అంటారు. గ్రీకులు అపోప్లెక్సియా అన్నారు. దెబ్బ తగిలి కూలిపోవడం అని దానికి అర్థం. ఇంగ్లీషు స్ట్రోక్ అన్నా దెబ్బే. ఆ మాట రోగానికి వాడుకలోకి వచ్చిన తొలి రోజుల్లో దేవుడి చేతి దెబ్బ అనే అర్థంలోనే అనేవారు.

పేరులోనే చిక్కుంది చూడండి. గాలి సోకిందంటే మనిషికి దగ్గరగా పోవడానికి భయం. దేవుడు కొట్టాడంటే ఆ మనిషి ఏదో చేసే ఉంటాడని అనుమానం. మా అక్కతో కూడా ఒకావిడ "ఏ జన్మ పాపమో" అని ఓదార్చింది. ఓదార్చడానికే అన్నది, కానీ బావ విన్నారు.

ఇది పాపం కాదని, తలలో రక్తనాళానికి వచ్చే జబ్బు అని శవపరీక్షలు చేసి చూపించినవాడు స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ యాకోబ్ వెప్ఫర్. ఆయన పుస్తకం 1658లో అచ్చయింది. ఇలా చనిపోయినవారి మెదడులో రక్తం చిమ్మి ఉండటం, మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు పూడుకుపోయి ఉండటం ఆయన గమనించాడు. బతికున్న మనిషి తలలోకి చూసే సి.టి. స్కాన్ వచ్చింది 1971లో. పూడిక కరిగించే ఇంజెక్షన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1996లో. ఆ మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపలే పడాలి. అందుకని మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి, పసరు మందు కోసం తిరగకండి, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఇది నా వ్యాసంలో విషయం కాకపోయినా చెప్పకుండా పోలేను.

ప్రాణం నిలబెట్టడంలో వైద్యం అంత దూరం వచ్చింది. నిలబడిన ప్రాణంతో మనిషి ఎలా బతకాలన్నది మాత్రం చాలాకాలం ఎవరూ అడగలేదు.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్ దగ్గరికి లెబోర్న్ అనే రోగిని తెచ్చారు. ఆయనకు పక్షవాతమే వచ్చిందని చెప్పలేం గానీ, మెదడులో ఎడమపక్క ముందు భాగం పాడైంది. ముప్పై ఏళ్ళ వయసులో మాట పోయింది. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. అందుకని ఆస్పత్రిలో అందరూ ఆయన్ని టాన్ అనే పిలిచారు. 21 ఏళ్ళు అదే ఆస్పత్రిలో ఉన్నాడు. ఆయన చనిపోయాక బ్రోకా మెదడు పరీక్ష చేసి, మాట్లాడే శక్తికి సంబంధించిన చోటు ఇదీ అని చూపించాడు. ఈనాటికీ దాన్ని బ్రోకా ప్రాంతం అంటారు. వైద్య చరిత్రలో పెద్ద రోజు అది.

బ్రోకా ఇంకో సంగతి కూడా రాసిపెట్టాడు. తాను చెప్పేది ఎదుటివాళ్ళకు తెలియకపోతే టాన్‌కు కోపం వచ్చేది, ఆ కోపంలో ఒక తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చేసేది. అంటే లోపల మనిషి ఉన్నాడు. వింటున్నాడు, చాలావరకు అర్థం చేసుకుంటున్నాడు, చెప్పాలనుకుంటున్నాడు. 21 ఏళ్ళు ఆయనకు తిండి పెట్టారు, పక్క వేశారు. ఆయనతో కూర్చుని మాట్లాడినవాళ్ళు ఎందరో చరిత్రలో లేదు. ఆయన మెదడు మాత్రం ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉంది.

పేదవాడు కాబట్టి ఆయన గతి అలా అయింది అనుకోకండి. 1919 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు స్ట్రోకు వచ్చి ఎడమపక్క పడిపోయింది. ఇంట్లోవాళ్ళు, డాక్టరు కలిసి నిజం బయటకు పొక్కనివ్వలేదు. మంత్రులకే నెలల తరబడి ఆయన ముఖం కనపడలేదు. కాగితాలు ఏవి లోపలికి పోవాలో ఆయన భార్య తేల్చేది. పదవి కోసమే దాచారు, నిజమే. కానీ దాచాలనిపించడం వెనుక ఇంకో నమ్మకం ఉంది. పక్షవాతం వచ్చినవాడు నలుగురిలో కనపడితే ఇక మనిషి కింద లెక్క కట్టరని.

ఈ నమ్మకం తప్పని నేను కళ్ళారా చూసింది 1984లో, మా జోలార్‌పేటలో. అప్పుడు నేను పార్శిల్ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. ఆ అక్టోబరులో ముఖ్యమంత్రి ఎం.జి.ఆర్.కు మూత్రపిండాలు దెబ్బతిని, దాని వెంట స్ట్రోకు వచ్చింది. మద్రాసు నుంచి నవంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డిసెంబరులో ఎన్నికలు. ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్న వీడియో తమిళనాడంతా చూపించారు. ప్లాట్‌ఫారం మీద కూలీలు, పూలమ్మే ఆడవాళ్ళు ఆ వీడియో గురించే మాట్లాడుకునేవారు. ఆండిపట్టిలో ఒక్కరోజు కూడా ప్రచారం చెయ్యకుండానే గెలిచారు. 1985 ఫిబ్రవరిలో తిరిగొచ్చి ప్రమాణం చేశారు. 1987 డిసెంబరు 24న చనిపోయేదాకా ఆయనే ముఖ్యమంత్రి.

తిరిగొచ్చాక ఆయన మాట స్పష్టంగా లేదు. ఆ గొంతు అంతకుముందే ఒకసారి దెబ్బతిన్నది, 1967లో మెడలో తుపాకీ గుండు దిగినప్పుడు. ఇప్పుడు ఇంకా కష్టమైంది. అయినా జనం వచ్చి నిలబడ్డారు, ఆయన చెయ్యి ఊపితే చాలన్నారు. రాజకీయంగా అది మంచిదా చెడ్డదా అనే వాదన ఇక్కడ వద్దు, గ్రూపులో గొడవ అవుతుంది. నాకు గుర్తున్నది మా పార్శిల్ ఆఫీసు పోర్టరు ఒకాయన అన్నది: "తలైవర్ మాట్లాడకపోతే ఏమి, మనం మాట్లాడితే ఆయన వింటాడు కదా." చదువులేని మనిషి. బ్రోకా రాసుకున్న సంగతే ఈయనా చెప్పాడని ఇప్పుడు తోస్తోంది.

అయితే ఎం.జి.ఆర్.కు కోట్ల మంది ఉన్నారు. మామూలు మనిషికి ఉండేది ఇంట్లోవాళ్ళు, పక్కింటివాళ్ళు. పక్కింటివాళ్ళ వల్ల ఏమవుతుంది అన్నదానికి జవాబు ఇంగ్లాండులోని ఒక పల్లెలో దొరుకుతుంది.

ప్యాట్రీషియా నీల్ అని హాలీవుడ్ నటి. ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్న మరుసటి ఏడాదే, 1965 ఫిబ్రవరిలో, ఆమె మెదడులో రక్తనాళం చిట్లింది. వయసు 39, కడుపుతో ఉంది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. భర్త రోఆల్డ్ డాల్, పిల్లల కథలు రాసి పేరు తెచ్చుకున్నాయన. ఆమెను ఇంగ్లాండులో గ్రేట్ మిసెండెన్ అనే తమ ఊరికి తీసుకొచ్చాడు. రోజుకు కొద్దిసేపు ఇచ్చే చికిత్స చాలదని ఆయనకు అనిపించింది. ఇరుగుపొరుగువాళ్ళను అడిగాడు. వాళ్ళు వంతులు వేసుకుని వచ్చారు. ఒకరు వెళ్తే ఇంకొకరు, రోజుకు చాలా గంటలు. వాళ్ళలో డాక్టర్లు లేరు. ఆమెతో పదాల ఆటలు ఆడారు, లెక్కలు చేయించారు, చదివించారు, ఊరి కబుర్లు చెప్పారు. ఆగస్టులో బిడ్డ క్షేమంగా పుట్టింది. 1968లో ఆమె మళ్ళీ సినిమాలో నటించింది, దానికీ ఆస్కార్‌కు పేరు వెళ్ళింది.

ఇది అంతా తియ్యటి కథ కాదు. భర్త మరీ కఠినంగా సాధన చేయించాడని, తనకు ఆయన మీద కోపం ఉండేదని ఆమె తరువాత చెప్పుకుంది. ఆ కోపం కూడా మనం వినాలి. బాగు చెయ్యాలనే తొందరలో మనిషి ఇష్టాన్ని అడగకపోతే అదీ ఒక రకంగా ఆమెను లెక్కలోకి తీసుకోకపోవడమే.

అలా వంతులకు వచ్చినవాళ్ళలో వాలరీ ఈటన్ గ్రిఫిత్ అనే ఆవిడ ఒకరు. ఆవిడ ఈ అనుభవాన్ని 1970లో పుస్తకంగా రాసింది. 1973లో స్ట్రోకు వచ్చి మాట పోయినవాళ్ళ ఇళ్ళకు మామూలు మనుషులు వెళ్ళి కూర్చునే వాలంటీర్ల పథకం అక్కడ మొదలైంది. ఒక ఊరి ఇరుగుపొరుగు చేసిన పని దేశంలో ఒక ఏర్పాటుగా మారింది.

మన వైపు కూడా పెద్ద పని జరిగింది. వేలూరు సి.ఎం.సి.లో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరమ్మకు 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుం కింద చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. న్యూయార్క్ వెళ్ళి పునరావాస వైద్యం చదివి వచ్చింది. 1966లో వేలూరులో పునరావాస సంస్థ మొదలైంది. మా ఊళ్ళ నుంచి రోగుల్ని జోలార్‌పేట మీదుగా అక్కడికే తీసుకెళ్ళేవారు. డాక్టరే చక్రాల కుర్చీలో ఎదురొస్తే రోగికి వేరే ధైర్యం చెప్పనక్కర్లేదు.

ఇక చట్టం సంగతి. ఇందులో నా తప్పు కూడా ఉంది.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో 47వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ ఉద్యోగి సర్వీసులో ఉండగా వికలాంగుడైతే తీసెయ్యకూడదు. పాత పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. పోస్టు లేకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు సృష్టించి అందులో పెట్టాలి. 2016 చట్టంలోనూ ఈ రక్షణ కొనసాగింది. రైల్వేలో దీన్ని మెడికల్ డీకేటగరైజేషన్ అంటాం. ఆ ఫైళ్ళు కొంతకాలం నా టేబుల్ మీద నుంచి వెళ్ళాయి.

ఆ చట్టం వచ్చిన కొన్నేళ్ళకు ఒక గూడ్సు గార్డు గారి ఫైలు వచ్చింది. ఏ ఆఫీసు, ఏ ఊరు అనేది వద్దు. ఆయనకు స్ట్రోకు వచ్చింది. నడక కుంటుతుంది, మాట ముద్దగా వస్తుంది. రూలు ప్రకారం మా సెక్షన్‌లోనే కుర్చీ వేశాం. జీతం ఒక్క రూపాయి తగ్గలేదు. ఫైలు నేనే పెట్టాను, గర్వంగానే పెట్టాను. ఆయన తొమ్మిదిన్నరకు వచ్చి ఎడమ చేత్తో సంతకం చేసి కూర్చునేవారు. ఇవ్వడానికి పని ఉండేది కాదు. మేం ఆయన తల మీదుగా టీ, క్రికెట్, ప్రమోషన్లు అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. ఆయన్ని కలుపుకుంటే ప్రతి మాటకూ ఆగాలి. అంత ఓపిక మాకెవరికీ లేకపోయింది.

రెండేళ్ళ తరువాత ఆయనే స్వచ్ఛందంగా రిటైర్మెంట్ రాసిచ్చారు. చివరిరోజు సెటిల్‌మెంట్ కాగితాలు సంతకానికి నేనే తీసుకెళ్ళాను. సంతకం చేసి, నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పారు. నాకు అర్థం కాలేదు. "సరే సార్, అన్నీ చూస్తాం" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ చెప్పారు. నేను మళ్ళీ "సరే సార్" అన్నాను. మూడోసారి చెప్పలేదు. చెయ్యి వదిలేసి వెళ్ళిపోయారు. ఏం చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అర్థం కాలేదని ఒక్క మాట చెప్పి ఉంటే మళ్ళీ చెప్పేవారు. చట్టం ఆయన జీతాన్ని కాపాడింది. పక్కన కూర్చుని మాట్లాడాల్సినవాళ్ళం మేము.

2016 చట్టం ఇంకో అడుగు వేసింది. మెదడు దెబ్బ వల్ల శాశ్వతంగా మాట, భాష పోవడాన్ని కూడా వైకల్యంగా పేరుపెట్టి చేర్చింది. కాలూ చెయ్యీ బాగుండి మాట మాత్రమే పోయినవాళ్ళు కూడా వైకల్య ధృవపత్రానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన సభ్యుల ఇళ్ళలో ఎవరికైనా ఉంటే కాగితాల పని నేను చూసిపెడతాను, మొహమాటపడకండి.

ఇప్పుడు మన తెలుగు గడ్డ మీద జరిగిన ఒక పని చెబుతాను. నాకు దీని గురించి చదివినప్పుడు చాలా సంతోషం వేసింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమెతో పనిచేసినవాళ్ళు స్ట్రోకు వచ్చిన 608 మందిని పరిశీలించారు. ఫలితాలు 2016లో 'స్ట్రోక్' అనే వైద్య పత్రికలో వచ్చాయి. హైదరాబాదులో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలిసి తిరుగుతాయి కదా. ఒక భాషే తెలిసినవాళ్ళను, రెండు అంతకన్నా ఎక్కువ భాషలు తెలిసినవాళ్ళను పోల్చారు. స్ట్రోకు తరువాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్ళు ఒక భాషవాళ్ళలో 19.6 శాతం, ఎక్కువ భాషలవాళ్ళలో 40.5 శాతం. అయితే మాట పోవడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానంగానే ఉంది. అంటే భాషలు ఎక్కువ వస్తే మాట పోదని కాదు. మాట పోయినా లోపల ఆలోచన నిలిచి ఉండే అవకాశం ఎక్కువ అని నేను అర్థం చేసుకున్నాను. ఆ డాక్టరుగారు తరువాత మన బెంగళూరు నిమ్హాన్స్‌కే వచ్చారు.

దేవనహళ్ళిలో ఒక్క భాషతో బతికేవాళ్ళు ఎవరున్నారు చెప్పండి? ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలకు హిందీ, ఇంగ్లీషు. మా బావకు, నాకు చిన్నప్పటి నుంచి తమిళం. ఇద్దరం ఒకే బడి, ఆయన నాకు మూడేళ్ళు పెద్ద.

స్ట్రోకు వచ్చిన కొత్తలో ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నారు, ఆయన్ని గందరగోళం చెయ్యకుండా తెలుగులోనే మాట్లాడాలని. మంచి ఉద్దేశమే. ఏడాది గడిచింది. బావ నోట "అది... అది..." తప్ప రాలేదు. ఒక సాయంత్రం మనవడు హాల్లో ఇంగ్లీషులో ఎక్కాలు అప్పజెబుతున్నాడు. ఏడెనిమిదుల దగ్గర ఆగిపోయాడు. కుర్చీలోంచి బావ గొంతు వచ్చింది: "ఏళెట్టు అంబత్తారు." తమిళంలో ఏడెనిమిదులు యాభై ఆరు. మా బడిలో బెత్తం పట్టుకుని చెప్పించిన ఎక్కం. అక్క వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. బావ ఒకసారి నవ్వి, వెంటనే ఏడవడం మొదలుపెట్టారు. చాలాసేపు ఆగలేదు.

అద్భుతం జరిగిందని చెప్పడం లేదు. మరుసటి రోజు అడిగితే ఆ ఎక్కం రాలేదు. చిన్నప్పుడు కంఠతా పట్టిన ఎక్కాలు, వారాల పేర్లు, దణ్ణం పెట్టుకునే మాటలు ఇలా తమంతట తాము బయటపడటం మామూలేనని డాక్టరుగారు చెప్పారు. టాన్ తిట్టు కూడా ఇలాంటిదే. ఆపుకోలేని ఆ ఏడుపు, నవ్వు కూడా స్ట్రోకు వల్ల చాలామందికి వస్తుందట. దానికీ మందు ఉంది, సిగ్గుపడాల్సిన పని లేదు. నాకు మాత్రం వేరే సంగతి తట్టింది. ఒక ఏడాదిపాటు నేను మా బావతో మా బడి భాషలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన జీవితంలో ఆ భాగం తెలిసినవాణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే. ఇప్పుడు గురువారం గురువారం వెళ్తాను. "ఎన్న బావా" అని మొదలుపెడతాను. మా లెక్కల మాస్టారి గురించి, బడి వెనక చింతచెట్టు గురించి చెబుతాను. ఆయన "అది... అది" అంటూనే నన్ను సరిదిద్దుతారు. ఏది తప్పో వేళ్ళతో, కళ్ళతో చూపిస్తారు. మాటలు తక్కువే గానీ మాట్లాడుకుంటున్నాం.

ఇదంతా ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి కదా అని కొందరు అంటారు. దానికీ మన దేశంలో పరీక్ష జరిగింది. ఇంట్లోవాళ్ళకు శిక్షణ ఇచ్చి వాళ్ళచేతే వ్యాయామాలు చేయిస్తే ఎలా ఉంటుందని 14 ఆస్పత్రుల్లో, 1,250 మంది రోగులతో చూశారు. 2017లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. ఆరు నెలల తరువాత చూస్తే చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా రాలేదు. ఇంట్లోవాళ్ళ సేవ వృథా అని దీని అర్థం కాదు. వాళ్ళ నెత్తిన ఇంకొక పని పెట్టినంత మాత్రాన సరిపోదని నేను తీసుకున్నాను. మా అక్క ఈ నాలుగేళ్ళలో దేవనహళ్ళి సంతకు తనొక్కతే వెళ్ళింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

స్ట్రోకు వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు దిగులు జబ్బు పట్టుకుంటుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అన్నం వద్దనడం, వ్యాయామం మానెయ్యడం, గోడవైపు తిరిగి పడుకోవడం మొండితనం కాదు, ఆ జబ్బు లక్షణాలు కావచ్చు. డాక్టరుకు చెప్పాలి. టెలి మానస్ అని ప్రభుత్వ ఉచిత ఫోన్ ఉంది, 14416. దానికి నిమ్హాన్స్ పెద్దదిక్కు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. చూసుకునేవాళ్ళు కూడా చెయ్యవచ్చు.

ఇక మనం చెయ్యగలిగింది. మన సంఘంలో నాకు తెలిసి ఇలాంటి ఇళ్ళు నాలుగు ఉన్నాయి. గ్రేట్ మిసెండెన్ వాళ్ళలాగా రోజుకు ఆరేడు గంటలు అడగను. వారానికి ఒక రోజు, ఒక గంట. ఇద్దరిద్దరుగా వెళ్దాం. ఒకరు ఆయనతోనో ఆమెతోనో కూర్చుంటారు, ఇంకొకరు ఇంటికి కావలసినది చూస్తారు. ఆ గంటలో ఇంటావిడ బయటికి వెళ్ళి రావచ్చు, లేదా నిద్రపోవచ్చు.

వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలో నేను తప్పులు చేసి నేర్చుకున్నది చెబుతాను. వాళ్ళ కళ్ళకు ఎదురుగా, సమానంగా కూర్చోండి, నిలబడి పైనుంచి మాట్లాడకండి. టీవీ కట్టెయ్యండి. నమస్కారం ముందు వాళ్ళకు పెట్టండి, తరువాతే ఇంట్లోవాళ్ళకు. ఒక్కొక్క ప్రశ్నే అడగండి, అవును కాదు అని జవాబిచ్చేలా అడగండి. అడిగాక ఆగండి. మీకు చాలాసేపు అనిపించినా ఆగండి. వాళ్ళ మాట మీరు పూర్తి చెయ్యకండి. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు అరవకండి, పసిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దుచెయ్యకండి. పండ్లు, స్వీట్లు ఇచ్చేముందు మింగడం ఎలా ఉందో అడిగి ఇవ్వండి. "ఫలానా ఆయన మూడు నెలల్లో లేచి తిరిగాడు" అని పోల్చకండి. అన్నింటికన్నా ముఖ్యంగా, అర్థం కాకపోతే "సరే సరే" అనకండి. "నాకు తెలియలేదండీ, ఇంకోసారి చెప్పండి" అనండి. మళ్ళీ చెప్పడానికి వాళ్ళు సిద్ధంగానే ఉంటారు.

వచ్చేవాళ్ళు కింద మీ పేరు, మీకు వీలైన రోజు రాయండి. మీకు ఏ ఏ భాషలు వచ్చో కూడా రాయండి, ఎవరిని ఏ ఇంటికి పంపాలో దాన్నిబట్టి చూద్దాం. వచ్చే నెల భోజనాలకు మా బావ మళ్ళీ వస్తారు. సాంబారు కావాలో వద్దో ఈసారి ఆయన్నే అడగండి.